నడుచుచు ఆగిపోవు ఇంజను

(గ్రామపంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంజను మరమ్మతు మెకానిక్కు పని గదా, దానిని గూర్చి పంచాయతీ సభ్యులకు ఉపన్యాసమెందులకని మీలో కొందరికి తోచవచ్చును. కారణము చెప్పెదను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినప్పుడును, 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసినప్పుడును విద్యుత్ స్తంభములు వేల సంఖ్యలో కూలినవి. అనేక గ్రామములకు దినముల తరబడి కరెంటు రాలేదు. బోరు ఉన్నది, మోటారు ఉన్నది, ఎత్తైన ట్యాంకు ఉన్నది; నీరు మాత్రము లేదు. అట్టి వేళ ట్యాంకులు నింపుటకు డీజిలు జనరేటర్లు దిక్కైనవి. త్రాగునీరు రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటి. కావున ఇంజను ఆగిననాడు ఊరివారు మెకానిక్కు ఇంటికి పోరు, మీ యింటికే వత్తురు.

ఆగుట వలన నష్టమెంతయో ఒక లెక్క వేసి చూతము. సెకనుకు 6 లీటర్లు ఎత్తిపోయు పంపు అరగంట నిలిచినచో 10,800 లీటర్లు తగ్గును. జల జీవన్ మిషన్ ప్రమాణము ప్రకారము మనిషికి దినమునకు 55 లీటర్లు. అనగా ఆ అరగంట పాటున సుమారు 196 మందికి ఒకనాటి నీరు లేకపోయినదన్నమాట.

ఇక విషయమునకు వచ్చెదను. అసలు కదలని ఇంజను కంటె, కదలి కొంతసేపు నడచి ఆగిపోవు ఇంజను మనుష్యులను ఎక్కువ వేధించును. కదలనిదానిని వెంటనే బాగుచేయింతురు. నడచి ఆగుదానిని మాత్రము మరల త్రిప్పుదురు. అది మరల కొంత నడచి ఆగును. సాయంకాలమగునప్పటికి హేండిలు త్రిప్పినవాని రెక్కలు పడిపోవును, ట్యాంకు సగమైనను నిండదు. తుదకు ఎవరో ఒకరు విసిగి పానా పుచ్చుకొని డీజిలు పంపును విప్పుదురు. అంతవరకు పది రూపాయల వాషరుతో పోవలసిన లోపము అక్కడినుండి వేల రూపాయల లోపమగును. ఈనాడు నేను మీకు ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే: ఏదియు విప్పకముందు ఇంజను ఆగిన తీరును తెలిసికొనవలెను, పిమ్మట ట్యాంకు మూత దగ్గరనుండి వరుసగా చూచుచు రావలెను.

దీనికి ఆధారమేమో కొంచెము చెప్పవలసియున్నది. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో జయప్రదముగా నడిపి చూపిన ఈ యంత్రమునకు పెట్రోలు ఇంజనుకు వలె నిప్పురవ్వ అక్కరలేదు. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను సుమారు పదునారవ వంతునకు నొక్కివేయును. సైకిలు పంపు కొట్టునప్పుడు దాని అడుగుభాగము వేడెక్కుట మీరెరుగుదురు. ఇక్కడ గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ గాలిలోనికి ఇంజెక్టరు డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా అది తనంతట తాను మండును. చల్లని ఇంజను మొదట అందుకొని నడచినదనగా నొక్కుడు చక్కగానున్నదని చాలవరకు రుజువైనట్లే. అట్టి ఇంజను నడుమ ఆగినచో సాధారణముగా దానికి డీజిలు అందకపోయి యుండవలెను. లేదా గాలి చాలకపోయి యుండవలెను. లేదా మోయలేని బరువు మీద పడియుండవలెను. అదియు కానిచో వేడెక్కి లోపల పట్టుకొని యుండవలెను. ఈ నాలుగింటిలో డీజిలు అందకపోవుటయే మిక్కిలి తరచు. అందుచేత దానిని గూర్చియే ఎక్కువ చెప్పెదను.

పంపు ఆపరేటరును “ఎందుకు ఆగినది?” అని అడిగినచో అతడు తనకు తోచిన ఊహ చెప్పును. “ఎట్లు ఆగినది?” అని అడిగినచో చూచినది చెప్పును. పొగ లేకుండ తటాలున ఆగినదా? ఉయ్యాల ఊగినట్లు వేగము హెచ్చుచు తగ్గుచు, క్రమముగా నీరసించి ఆగినదా? నల్లని పొగ క్రక్కుచు మూలిగి ఆగినదా? ఆగిన తరువాత ఫ్లైవీలు చేతితో తిరుగుచున్నదా, బిగిసియున్నదా? నడక మొదలిడిన ఎంతసేపటికి ఆగినది? ప్రతిసారియు అంతే సేపటికి ఆగుచున్నదా? ఈ ప్రశ్నలకు జవాబులు వచ్చినచో సగము మరమ్మతు జరిగినట్లే.

పొగ లేకుండ, నీరసించి, ఇంచుమించు ఒకే వ్యవధికి ఆగుచున్నచో మొట్టమొదట చూడవలసినది ట్యాంకు మూత. డీజిలు క్రిందికి దిగుకొలది ఆ ఖాళీలోనికి బయటి గాలి ప్రవేశింపవలెను. అందులకై మూతకు సన్నని రంధ్రముండును. దుమ్మును నూనెయు కలిసి అది మూసుకొనినచో ట్యాంకులో శూన్యమేర్పడి డీజిలు దిగుట మానును. ఒక గ్రామమున ఇంజను ప్రతిసారి ఇరువది నిమిషములు నడచి ఆగుచుండెను. ఇంజెక్టరు మార్చిరి, ఫిల్టరు మార్చిరి; గుణము కనబడలేదు. సంగతి చూడగా ఎప్పుడో ట్యాంకు మూత పోయినది. దాని స్థానమున ఎవరో శ్రద్ధగల మనిషి, దుమ్ము పడకుండవలెనను సదుద్దేశముతో, పాలిథీను కాగితము కప్పి పురికొసతో గట్టిగా బిగించియుండెను. ఇంజను ఆగునప్పటికి ఆ కాగితము గుంటపడి లోనికి లాగుకొనిపోయి యుండెను. ఆగిన కొంతసేపటికి గాలి మెల్లగా చొచ్చి శూన్యము తొలగును గనుక మరల నడుచుచుండెను. పురికొస విప్పినంతనే రోగము కుదిరినది. దీనిని పరీక్షించుట సులభము. ఇంజను నీరసించుచున్న తరుణమున మూత వదులు చేయవలెను. బుస్సుమని గాలి లోనికి పోయి ఇంజను తేరుకొనినచో దోషము దొరికినట్లే.

మూత చక్కగానున్నచో ట్యాంకులోనికి చూడవలెను. డీజిలు నీటికంటె తేలిక. కావున నీరు ఎప్పుడును అడుగుననే యుండును. నీరు ఎవరో కల్తీ చేసినందువలననే వచ్చుననుకొనరాదు. సగము నిండిన ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ గోడలకు పట్టి అడుగునకు దిగును. తుపాను కొరకని తెచ్చి డబ్బాలలో నెలల తరబడి నిలువయుంచిన డీజిలులో ఈ నీటి మీద నాచు వంటి జిగట పెరుగును. అది వెళ్లి ఫిల్టరును మూయును. అడుగుననున్న మర నుండి గాజుసీసాలోనికి కొంత పట్టి అరగంట కదలింపక ఉంచినచో నీరు వేరుపడి అడుగున గీతవలె కనబడును. అట్లు కనబడినచో స్వచ్ఛమైన డీజిలు వచ్చువరకు అడుగుది తీసివేయవలెను. నడచిన దినము సాయంకాలమే ట్యాంకును నిండుగా పోసి ఉంచుట మేలు. నిండిన ట్యాంకులో తేమకు చోటుండదు.

తరువాత ఫిల్టరు. అది సగము మూసుకొనినచో తక్కువ బరువు మీద ఇంజను చక్కగా నడుచును. నీరు ఎత్తిపోయుటకు మొదలిడగానే ఆకలిగొన్నట్లు నీరసించును. అందుచేత మెకానిక్కు వచ్చి ఖాళీగా నడిపి “బాగున్నది” అని చెప్పి వెళ్లిన మరుక్షణమే అది ఆగినచో మెకానిక్కును నిందింపరాదు, ఇంజనును నిందింపరాదు. బరువు మీద పరీక్షింపనందువలన అట్లైనది. గుడ్డ లేక కాగితపు ఫిల్టరు మాసినచో దానిని కడిగి మరల పెట్టుట పొదుపు కాదు. కడిగినప్పుడు చిరిగిన కాగితము గుండ ఇసుక పోయి డీజిలు పంపును అరుగదీయును. ఫిల్టరు వెల వందలలో నుండును, పంపు వెల వేలలో నుండును.

ఫిల్టరు విప్పినను, ట్యాంకు పూర్తిగా ఖాళీయైనను, గొట్టపు కీలు వద్ద వాషరు చెడినను లోనికి గాలి చేరును. దీనినే మనవారు “ఇంజనుకు గాలి పట్టినది” అందురు. ద్రవము నొక్కినచో అణగదు, గాలి అణగును. ఇంజెక్టరు తెరచుకొనుటకు చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోగ్రాముల ఒత్తిడి కావలెను. గొట్టములో గాలి బుడగ యున్నచో పంపు ఎంత నొక్కినను బుడగయే కుంచించుకొనును గాని ఆ ఒత్తిడి రాదు. గాలి తీయు విధము ప్రతి పంపు ఆపరేటరుకును తెలిసియుండవలెను. ట్యాంకు నింపి, ఫిల్టరు మీది చిన్న మరను వదులు చేయవలెను. మొదట నురుగుతో కూడిన డీజిలు వచ్చును. బుడగలు లేక ధారగా వచ్చునప్పుడు మర బిగింపవలెను. పిదప డీజిలు పంపు వద్దనున్న మరను అట్లే చేయవలెను. చివరకు ఇంజెక్టరు వద్దకు పోవు సన్నని ఉక్కు గొట్టపు నట్టు వదులు చేసి, నొక్కుడు విడుచు మీటను ఎత్తిపట్టి, డీజిలు పొంగువరకు హేండిలు త్రిప్పి, నట్టు బిగింపవలెను. మరల హేండిలు త్రిప్పగా ఇంజెక్టరులో కిర్రుమని శబ్దము వినబడినచో గాలి పోయినట్లు. ఈ క్రమమును తారుమారు చేయరాదు. వెనుకనున్న గాలి మరల ముందుకు వచ్చును. నట్టు వదులు చేసినప్పుడు వ్రేలు అడ్డము పెట్టి చూచు అలవాటు కొందరికి కలదు. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. గాయము సూదిపోటంతయే కనబడినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గాలి తీసినను రెండు దినములలో మరల పట్టినచో ఎక్కడనో కీలు వదులై యున్నదని గ్రహింపవలెను. రాగి వాషరును తిరిగి తిరిగి వాడినందున ఇది తరచు జరుగును. ప్రతి కీలును పొడి గుడ్డతో తుడిచి మరునాడు చూచినచో చెమ్మగిలిన చోటు తానే చెప్పును.

ఇప్పుడు నల్లని పొగ సంగతి. నల్లని పొగ యనగా మండవలసిన డీజిలు మండక మసియై పోవుచున్నది. గాలి చాలకున్నను, బరువు హెచ్చినను ఇట్లగును. గాలి ఫిల్టరు నూనె గిన్నె రకమైనచో గిన్నెలోని నూనె బురదయై యుండును. పారబోసి, జాలిని డీజిలుతో కడిగి, గుర్తువరకే క్రొత్త నూనె పోయవలెను. మా అనుభవములో వరికోతల కాలము, రోడ్డు పని జరుగు కాలము ఫిల్టర్లకు గండకాలము.

బరువు హెచ్చుటలో ఒక వింత యున్నది. సాధారణ సెంట్రిఫ్యూగల్ పంపుకు ఎదురొత్తిడి తగ్గినచో బరువు తగ్గవలెనని మనకు తోచును. జరుగునది దానికి వ్యతిరేకము. పైపు మార్గమధ్యమున పగిలి నీరు సుళువుగా పోవుచున్నప్పుడు పంపు హెచ్చు నీరు తోడి ఇంజనుపై హెచ్చు బరువు మోపును. కావున ఇంజను ఉన్నట్టుండి మూలుగుట మొదలిడి, ట్యాంకులో నీరు మాత్రము పెరుగకున్నచో ఇంజనును వదలి పైపు వెంట నడచి చూడవలెను. ఈ పంపులను నడుపునప్పుడు బయటకు పోవు వాల్వును మూసి మొదలుపెట్టి, వేగమందుకొనిన తరువాత మెల్లగా తెరచుట ఇందులకే.

జనరేటరుతో సబ్‌మెర్సిబుల్ మోటారు నడుపువారికి మరియొక మాట. మోటారు కదలునప్పుడు మామూలు నడకకంటె అయిదారు రెట్లు కరెంటు లాగును. మోటారు 5 హార్సుపవరుది, జనరేటరును 5 కేవీఏది, రెండును సమానమే గదా యని అద్దెకు తెచ్చినచో, మీట వేసిన క్షణమున ఇంజను కుంగి ఆగిపోవును. అందులో మరమ్మతు చేయదగినది ఏమియు లేదు. మోటారును నేరుగా కదలించుటకు దానికి రెండు మూడు రెట్ల శక్తిగల జనరేటరు కావలెను. తుపాను రాకముందే మీ మోటారు పలకమీది అంకెలు వ్రాసికొని ఉంచినచో ఆనాటి తొందరలో పొరపడరు.

ఆగిన ఇంజను ఫ్లైవీలు బిగిసియున్నచో అది ప్రమాదసూచన. కందెన నూనె తగ్గుట వలనగాని, చల్లబరచు నీరు ఆగుట వలనగాని పిస్టను వేడెక్కి ఉబ్బి సిలిండరును పట్టుకొని యుండును. ఆ సమయమున పదిమంది చేరి బలవంతముగా త్రిప్పుటయు, బిందెతో చన్నీళ్లు క్రుమ్మరించుటయు కూడని పనులు. కాలిన ఇనుము మీద చన్నీరు పడినచో సిలిండరు చీలును. తనంతట చల్లారనిచ్చి, నూనె ఎంతయున్నదో కొలబద్దతో చూచి, నీటి గొట్టములో నాచు ఉన్నదేమో చూడవలెను. నూనె తగ్గకుండ చూచుటకు ఒక గుర్తు కలదు: పొగ నీలముగానున్నచో కందెన నూనె లోపల మండుచున్నదని అర్థము. అట్టి ఇంజనుకు ప్రతి ఉదయము నూనె కొలత చూడవలెను, పిస్టను రింగుల కొరకు డబ్బు సమకూర్చుకొనవలెను.

ఇప్పటి జనరేటర్లలో నూనె ఒత్తిడి తగ్గినను, వేడి హెచ్చినను ఇంజనును ఆపివేయు పరికరము అమర్చియుందురు. ఇంజను ఊరక ఆగుచున్నదని కొందరు ఆ పరికరపు తీగను కత్తిరించి నేరుగా కలుపుదురు. ఆనాటికి ఇంజను నడుచును. నిద్రపోవువానిని లేపిన కుక్కను కొట్టినట్టి పని యిది. మీ జనరేటరులో ఎవరైన అట్లు కలిపి యున్నచో నేడే సరిచేయింపవలెను.

పెట్రోలుతో నడుచు గడ్డి కోయు యంత్రములు, దోమల పొగ యంత్రములు కూడ ఇప్పుడు పంచాయతీల వద్ద కలవు. వీని సంగతి క్లుప్తముగా చెప్పెదను. మూత రంధ్రము, ఫిల్టరు, గాలి ఫిల్టరు — ఈ వరుస వీనికిని వర్తించును. చోక్ తీయుట మరచినచో కదలిన వెంటనే ఆగును. పెట్రోలులో ఇప్పుడు ఇథనాలు 20 శాతము వరకు కలియుచున్నది; అది తేమను పీల్చుకొనును. ఎక్కువ దినములు నిలువయున్న పెట్రోలు కార్బురేటరులోని సన్నని రంధ్రమున జిగురు కట్టును. వానకాలము ముగిసి యంత్రమును లోపల పెట్టునప్పుడు పెట్రోలు తీసివేసి, మిగిలినది అయిపోయి ఆగువరకు నడిపి పెట్టినచో మరుసటి సంవత్సరము చిక్కుండదు.

సభ్యులుగా మీరు చేయదగినది పానా పట్టుట కాదు. నెలకొకసారి అరగంట పాటు ఇంజనును నీరు ఎత్తించుచు నడిపింపుడు; ఖాళీగా నడిపినది లెక్కలోనికి రాదు. గది కిటికీలును తలుపును తెరచియుంచి, పొగ గొట్టమును బయటకు పెట్టించి నడిపింపవలెను. మూసిన గదిలో ఆ పొగ ప్రాణము తీయగలదు. బెల్టు దగ్గరకు కండువాతోగాని, జారవిడిచిన చీర చెంగుతోగాని ఎవరును పోరాదు. ఇంజను గదిలో ఒక పెట్టె పెట్టి అందులో డీజిలు ఫిల్టరు, రాగి వాషర్లు, బెల్టు, ఒక సీసా కందెన నూనె, సరియైన కొలతల పానాలు ఉంచవలెను. తాళపుచెవి ఇద్దరి వద్ద ఉండవలెను. ఒక్కని వద్దనే యున్నచో ఆ ఒక్కడు తుపాను నాడే పెండ్లికి పోవును.

ఒక నోటుపుస్తకము కూడ ఉండవలెను. నడచిన గంటలు, పోసిన డీజిలు, నూనె మార్చిన తేదీ, ఆగినచో ఆగిన తీరు — ఇంతమాత్రము చాలును. 5 హార్సుపవరు ఇంజను నిండు బరువు మీద గంటకు ఇంచుమించు ఒక లీటరు త్రాగును. పుస్తకములో గంటకు రెండు లీటర్లు కనబడుచున్నచో ఇంజను చెడియుండవలెను, లేదా లెక్క చెడియుండవలెను. ఏదైనను సభలో అడుగదగిన ప్రశ్నయే. మరమ్మతు బిల్లు వచ్చినప్పుడు తీసివేసిన పాత భాగమును తెచ్చి చూపుమనుడు. మంచి మెకానిక్కు సంతోషముతో చూపును. డీజిలు పంపునుగాని, ఇంజెక్టరునుగాని మార్చినట్లు బిల్లులో నున్నచో, అంతకుముందు మూతను, నీటిని, ఫిల్టరును, గాలిని చూచిరా యని అడుగుడు.

చివరిగా, జనరేటరు నుండి మోటారునకు కలుపునప్పుడు లైను కరెంటును పూర్తిగా వేరుచేయు ఛేంజ్‌ఓవర్ స్విచ్ తప్పక ఉండవలెను. అది లేనిచో మీ జనరేటరు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండ వెనుకకు పోయి లైను మీదికి ఎక్కును. స్తంభమెక్కి మీ ఊరి తీగలను బాగుచేయుచున్న లైనుమను చేతికి తగులును. స్విచ్ ఉన్నదో లేదో ఈ వారముననే ఇంజను గదికి వెళ్లి చూడుడు. మీ ప్రశ్నలకు ఇప్పుడు సమాధానము చెప్పుటకు సిద్ధముగా నున్నాను.